పద్నాలుగు మిల్లీమీటర్లు

బట్టీ ముందు నాకిది ఇరవై ఆరో చలికాలం.
బొగ్గు గనులు మూసేశాక మియేరెస్‌లో మిగిలిన పని ఇదే:
ఊరి కూడళ్ళకి గని కార్మికుల విగ్రహాలు,
పగిలిన చర్చి గంటలకి మారు గంటలు,
ఈమధ్య కొత్తగా, కూర్చోకూడని కుర్చీలు.

అలా అనకు సెనేన్, అంటుంది అల్దారా,
కూర్చోవచ్చు, ఎవరికీ ధైర్యం చాలదంతే.
శిల్పివా వడ్రంగివా అని ఎవరైనా అడిగితే
గోళ్ళ సందుల్లోకి చూసుకుని
ఇవాళ వడ్రంగినే, అంటుంది.

అక్టోబరులో ఒక గోనెసంచి తెచ్చింది.
లోపల ముక్కాలి పీట.
సోమియేదో కొండల్లో ఆమె మేనత్త ఎతెల్వినా
నలభై ఏళ్ళు పాలు పితికిన పీట.
చెస్ట్‌నట్ చెక్క. కూర్చునే చోట పల్లంగా అరిగి
వాడిన సబ్బులా నున్నగా ఉంది.
ఒక కాలు మిగతా రెంటికన్నా పొట్టి.
కొలిచాను, పద్నాలుగు మిల్లీమీటర్లు.
నాలుగు కాళ్ళదైతే ఊగేది.
మూడు కాళ్ళది ఊగదు,
ఒరుగుతుంది.

అచ్చు తీద్దామా అన్నాను.
అచ్చుంటే ఎనిమిది పోతలు పోయొచ్చు,
ఎనిమిదీ అమ్ముడుపోతాయి.
తల అడ్డంగా ఊపింది.
చెక్కనే మట్టిలో మూసి కాల్చు,
చెక్క ఖాళీ చేసిన చోట కంచు పోయి,
ఒక్కటే రావాలి, మళ్ళీ రాకూడదు.

వినడానికి బాగానే ఉంటుంది. కాల్చేది నేను.
రెండు పగళ్ళు, రెండు రాత్రులు.
షెడ్డంతా చెస్ట్‌నట్ వాసన కమ్ముకుంటే
ఆకలేస్తోందన్నాడు కుర్రాడు పెలాయో.
మూడోరోజు సన్నగొట్టంతో గాలి ఊది
బూడిద బయటికి తీశాను.
నలభై ఏళ్ళు కూర్చున్నది
చారెడు కూడా రాలేదు.
కాఫీ డబ్బాలో పోసి ఉంచాను, ఎందుకో.

ఎంత ఊదినా ఎక్కడో చిటికెడు ఉండిపోతుంది.
అదున్న చోట కంచు నిండదు,
స్ఫోటకపు మచ్చంత గుంట పడుతుంది.
పడింది, అడుగున, పొట్టికాలి మొదట్లో.
వెల్డింగ్‌తో పూడ్చడం పది నిమిషాల పని.
పూడ్చలేదు. అల్దారాకి చెప్పనూ లేదు.
ఆమె చూసే ఉంటుంది. ఆమే చెప్పలేదు.

ఆసిడ్ పూసి, మంట చూపించి, రంగు తేల్చే రోజున
ఎతెల్వినా బస్సు దిగి వచ్చింది, రబ్బరు బూట్లతో.
వేడి దిగిందో లేదో అరచేత్తో చూసి
ఎవరినీ అడక్కుండా కూర్చుంది.
మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం,
అప్పటికే దానికో ధర ఉంది మరి.
మోకాళ్ళు ఎడం చేసి, ముందుకి ఒరిగి,
నుదురు గాలికి ఆనించబోయి
ఆగిపోయింది.

సగమే చేశావే పిల్లా, అంది.
ఆ కాలు అరగలేదు, మా నాన్న కోసిందే అలా,
మనిషి ఆవు మీదికి వాలాలని.
ఒంటికి ఒళ్ళు తగలందే ఆవు చేపదు.
మరి మీ ఆవేదీ?

పెలాయో నవ్వాడు. అల్దారా నవ్వలేదు.
పీట ఎదుట ఉన్న ఖాళీని
చాలాసేపు చూస్తూ నిలబడింది.

మాడ్రిడ్‌లో దాన్ని గదికి నట్టనడుమ పెట్టించింది.
ఎటు ఒరిగిందో అటువైపు, ఆవు పట్టేంత మేర
ఏమీ పెట్టనివ్వలేదు. వంతులేసుకుని జనం
ఆ ఖాళీలోనే నిలబడి ఫొటోలు తీసుకున్నారట.

కొన్నాయన మిలాన్ నుంచి రాశాడు:
మాది పాలరాతి నేల, పీట వంకరగా కనిపిస్తోంది,
కాలికింద చిన్న బిళ్ళ వేసి సరిచేయగలరా,
పద్నాలుగు మిల్లీమీటర్లేగా.

అల్దారా ఇంకా జవాబు రాయలేదు.
నేను మాత్రం బిళ్ళ కోసి ఉంచాను.
డబ్బిచ్చేవాడు అడిగితే ఇవ్వాలి కదా.
సొరుగులో ఉంది. సొరుగు తీసినప్పుడల్లా
చేతికి తగులుతుంది, నేను వేరే దేనికోసమో వెతుకుతుంటాను.

బూడిద సంగతా?
ఎతెల్వినా చేతిరుమాల్లో మూటగట్టుకుని పట్టుకుపోయింది.
ఉల్లినారుకి మంచిదట.